ఫోన్లో వెనక వినిపించిన నవ్వు

మా ఆయన మస్కట్ నుంచి ప్రతి శుక్రవారం ఫోన్ చేస్తాడు. ఆ రోజు ఆయనకు సెలవు. నేను కోరుట్లలో మా ఇంటి అరుగు మీద, బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని స్పీకర్ ఆన్ చేస్తాను. పదేళ్ళ కూతురు పక్కన చేరుతుంది.

నేను పుట్టింది సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లిలో, సాంచాల చప్పుడు మధ్య. మరమగ్గాలు దడదడలాడుతున్నా, అవతలి వాకిట్లో ఎవరు ఎవరిని తిడుతున్నారో చెప్పేసేదాన్ని. నా చెవుల మీద నాకంత నమ్మకం. మనుషుల మీదే లేదు.

దానికి తోడు ఆ వారం జగిత్యాల బస్సులో ఒకామె చెప్పింది, గల్ఫ్‌కు పోయిన ఎవరో అక్కడే ఇంకో కాపురం పెట్టాడట. ఎవరో ఏమిటో చెప్పలేదు. నాకు మాత్రం మా ఆయన మొహమే కళ్ళ ముందు కదిలింది.

ఆ శుక్రవారం ఆయన మాటల వెనక ఆడమనిషి నవ్వు వినిపించింది. ఇక చూడండి. ఆయన ఏదో చెబుతున్నాడు, నేను ఊ కొడుతున్నాను, ప్రాణమంతా ఆ గదిలోనే ఉంది. గిన్నె చప్పుడు. తలుపు మూసిన చప్పుడు. మళ్ళీ నవ్వు. అందరూ మగవాళ్ళే ఉండే రూములో ఆడగొంతు ఎక్కడిది? ఎవరామె అని అడిగాను. టీవీ అన్నాడు. టీవీ అనక ఇంకేమంటాడు?

నెల తిరక్కముందే, ఇంకో రెండేళ్ళు పనిచేస్తానని సంతకం పెట్టానన్నాడు. ఒళ్ళు మండిపోయింది. నన్నడగకుండా ఎట్లా పెట్టావని గొంతు పెంచాను.

"అడిగే పెట్టిన. నడుము నొస్తున్నది, అచ్చేద్దామని ఉన్నది, ఇంకా ఉండాల్నా అని అడిగితే ఊ అన్నవ్ గదా."

పచ్చి అబద్ధం అనుకున్నాను. నాకు ఒక్క ముక్క గుర్తుంటేగా. ఆ నవ్వు మాత్రం ఇప్పుడడిగినా అచ్చంగా నవ్వి చూపిస్తాను. ఫోన్ పెట్టేసి, సాక్ష్యానికి కూతుర్ని పిలిచాను.

"బాపు అడిగిండమ్మా. ఏడ్సినట్టు అడిగిండు."

మరి వెనకాల ఎవరో నవ్వారు కదా అన్నాను. అది నా మొహంలోకి చూసింది.

"ఎవలు నవ్విండ్రు? నేనైతే ఇనలే."

ఆ నవ్వు టీవీదంటే నేనిప్పటికీ నమ్మను. కానీ వెంటనే ఫోన్ చేసి, అంతా వదిలేసి వచ్చెయ్యమన్నాను. సంతకం పెట్టాక కుదరదన్నాడు. నడుము ఎట్లా ఉందని అడిగాను.

"ఇప్పుడు అడుగుతున్నవా" అన్నాడు.