మా ఇంట్లో మూడో తెలుగు

నేను శంషాబాద్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో టీచర్ని. నాది నర్సరీ తరగతి. తల్లిదండ్రుల మీటింగు పెట్టినప్పుడల్లా లేచి నిలబడి, "పిల్లలకు టీవీ చూపించకండి, సినిమాలు చూపించకండి, కూర్చోబెట్టుకుని కథలు చెప్పండి" అని ఓ పావుగంట దంచేదాన్ని. తల్లులు బుద్ధిగా తలలూపేవాళ్లు. సాయంత్రం సాతంరాయిలో మా ఇంటికి వచ్చి నేను చేసే మొదటి పని ఏమిటంటే, నా నాలుగున్నరేళ్ల కూతుర్ని టీవీ ముందు కూర్చోబెట్టి నోట్లో ముద్ద పెట్టడం. అది తెర మీద నుంచి చూపు తిప్పకుండా మింగుతుంటే హమ్మయ్య అనుకోవడం. చెప్పేవి శ్రీరంగనీతులు అని ఊరికే అన్నారా?

రోజుకు అరగంటే అని నియమం పెట్టింది కూడా నేనే. మా ఇంట్లో అరగంటంటే అన్నం ఉడికి, పప్పులో తాలింపు పడి, నేను స్నానం చేసి, ఆరేసిన బట్టలు మడతపెట్టుకుని వచ్చేంతసేపు. ఒక్కోరోజు ఆ బట్టలు ఆరడానికే రెండు గంటలు పట్టేది. ఏం చేస్తాం?

పిల్లకు ఒకటే కార్యక్రమం కావాలి. ఎర్రటోపీ పెట్టుకున్న ఎలుగుబంటి కెప్టెన్, దాని వెనక మూడు బాతులు. ఊళ్లో ఎవరు ఎక్కడ ఇరుక్కున్నా వెళ్లి విడిపిస్తుంటాయి. ఏ దేశం వాళ్లు తీశారో ఏమో, తెలుగు మాటలు తరువాత అతికించారు. ఎలుగుబంటి ముందు నోరు తెరుస్తుంది, కాసేపాగి మాట వస్తుంది. ఇక ఆ గోలంతా మాకు పెద్ద సౌండుతోనే వినిపిస్తుంది, ఎందుకంటే విమానాలు మా మిద్దె మీదుగా వెళ్తాయి. విమానం వచ్చినప్పుడు ఎలుగుబంటి ఏమందో వినబడలేదని పిల్ల ఏడుస్తుంది, సౌండు పెంచుతాం. విమానం వెళ్లిపోతుంది, సౌండు తగ్గించడం ఎవరికీ గుర్తుండదు. అలా టీవీలో ఎవరు ఎంత కేకలు పెట్టినా పట్టించుకోకుండా మా పనులు మేం చేసుకోవడం అందరికీ అలవాటైపోయింది.

మా ఇంట్లో అప్పటికే రెండు తెలుగులు ఉండేవి. నాది గోదావరి వైపు. మా ఆయన వాళ్లది మహేశ్వరం దగ్గర పల్లె. ఆయన కారు నడుపుతాడు, ఎయిర్‌పోర్టుకు మనుషుల్ని దించి వస్తాడు. మా అత్తగారు మాతోనే ఉంటుంది. పిల్ల ఎవరి తెలుగు మాట్లాడాలన్న దాని మీద, అది పుట్టిన దగ్గర్నుంచీ అత్తాకోడళ్ల మధ్య చిన్నపాటి యుద్ధం నడిచేది. ఆమె పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని "పుంటికూర అను బిడ్డా" అంటే, నేను వంటింట్లోంచి "గోంగూర!" అని అరిచేదాన్ని. ఒకరోజు పిల్ల ఆ కూరే కలిపిన ముద్ద నమిలి, రెండుసార్లు ఊరికే నోరు తెరిచి మూసి, ఆ తరువాత పలికింది:

"ఆహా! ఈ ఆకుకూర ఎంత రుచికరంగా ఉంది!"

అత్తగారు నా వైపు చూసింది. నేను ఆవిడ వైపు చూశాను. ఇద్దరం ఓడిపోయాం.

అక్కణ్ణుంచి మొదలైంది. గ్లాసు జారితే "అయ్యో! ఘోరం జరిగిపోయింది!" స్నానానికి పిలిస్తే "మనకు సమయం లేదు, త్వరపడండి!" రెండో చాక్లెట్ ఇవ్వనంటే "మిమ్మల్ని నేను ఎన్నటికీ క్షమించను!" వాళ్ల నాన్న చెమటలు కక్కుతూ ఇంట్లోకి అడుగు పెడితే, గడపలో నిలబడి "స్వాగతం! మీ ప్రయాణం సుఖంగా జరిగిందా?" అని అడిగేది. ఆయన మురిసిపోయేవాడు. "ఎయిర్‌పోర్టుల పొద్దంత తిరుగుత, గీ ముక్క నన్ను ఎవ్వలన్న అడిగిన్రా? నా బిడ్డ అడిగింది!" అనేవాడు.

అత్తగారిని మాత్రం "నాయినమ్మగారూ" అని పిలిచేది.

"గారేందే గారు! నేనేమన్న కలెక్టర్నా?" అని మొదట్లో ఆమె కూడా పడీపడీ నవ్వింది. రానురానూ ఆ నవ్వు తగ్గింది. ఒక మధ్యాహ్నం పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, "ఒక ఊర్ల ఒక ముసలవ్వ ఉంటుండె. గామెకు ఒక్క మ్యాక ఉంటుండె..." అని కథ ఎత్తుకుంది. రెండు నిమిషాలు విని, పిల్ల లేచి నిలబడి చాలా మర్యాదగా, "క్షమించండి. మీరు చెప్పేది నాకు అర్థం కావడం లేదు" అని టీవీ గదిలోకి వెళ్లిపోయింది. బడికి సెలవై నేను ఇంట్లోనే ఉన్నాను, అంతా చూశాను. అత్తగారు ఆ మేకను కథ మధ్యలో వదిలేసి అలాగే కూర్చుండిపోయింది.

ఆ సాయంత్రం కొడుకు ఇంటికి రాగానే చెప్పేసింది.

"ఐతారం నాడు నన్ను మహేశ్వరంల మీ అక్క ఇంటికాడ దించిరా. ఆడనే ఉంట."

"ఎందుకమ్మా, ఏమైంది?"

"ఏం గాలేదు. గీ పిల్ల మాట్లాడేది నాకు తెల్వది, నేను మాట్లాడేది దానికి తెల్వది. ఇద్దరం కూసోని మొకాలు జూసుకుందుమా? మీ అక్క పిల్లలైతే నా మాట ఇంటరు."

మా ఆయన బతిమాలాడు. ఆమె వినలేదు. నిజం చెప్పొద్దూ, ముందు నా స్వార్థమే గుర్తొచ్చింది. పిల్ల ఒంటిగంటకు బడి నుంచి వచ్చేస్తుంది, నేను వచ్చేసరికి నాలుగు. మధ్యలో ఎవరు చూస్తారు? ఆ తరువాత రాత్రి అన్నాల దగ్గర ఆవిడ మాట్లాడకుండా తిని చెయ్యి కడుక్కుంటుంటే అసలు బాధ తెలిసింది. ఇన్నేళ్లుగా ఆకుకూర పేరు మీద నాతో పోట్లాడిన మనిషి. ఆవిడ వెళ్లిపోతే ఇక నేను గోంగూర అని ఎవరి మీద అరవాలి? నాకు ఆవిడ కావాలి. ఆ మాట పైకి చెప్పడానికి నోరు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపమంతా టీవీ మీదికి మళ్లింది.

శనివారం పొద్దున్నే టీవీ ప్లగ్గు పీకేశాను. రిమోట్‌లోంచి బ్యాటరీలు తీసి పోపులపెట్టెలో మెంతుల కింద దాచాను. "ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో టీవీ లేదు. అందరూ మనుషుల్లా మాట్లాడండి!" అని ప్రకటించాను. పిల్ల రెండుసార్లు నోరు తెరిచి మూసింది. "ఇది అన్యాయం!" అంది.

పది గంటలప్పుడు నేను వంటింట్లో వంకాయలు వేయిస్తున్నాను. మా ఆయన వాకిట్లో కారు కడుగుతున్నాడు. అత్తగారు గదిలో చీరలు సంచీలో సర్దుకుంటోంది. ఉన్నట్టుండి వినబడింది:

"ఎవరైనా ఉన్నారా? దయచేసి నన్ను రక్షించండి!"

"ఆ టీవీ కట్టేయండి!" అని అరిచి నేను వంకాయలు తిరగేశాను.

"ఎప్పుడు జూసినా గదే లొల్లి. రేపటికెల్లి నాకీ బాధ తప్పుతది," అంది గదిలోంచి అత్తగారు.

"నేను ఇక్కడ చిక్కుకుపోయాను! త్వరగా రండి!"

ఎవరం కదల్లేదు. చిక్కుకోవడం, త్వరగా రమ్మనడం ఆ కార్యక్రమంలో రోజూ ఉండేవే. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. కూతురంటే ఈయనకు ముద్దు ఎక్కువ, చాటుగా బ్యాటరీలు కొనుక్కొచ్చి ఉంటాడు! అట్లకాడ పట్టుకునే వాకిట్లోకి వెళ్లాను.

"ఏమండీ, టీవీ పెట్టింది మీరేనా?"

"నేనేడ పెట్టిన? పొద్దుగాల్నుంచి కారుకే సబ్బు రుద్దుతున్న."

"నాకు చాలా భయంగా ఉంది! అమ్మా!"

పక్కింటి వాళ్ల టీవీ అయి ఉంటుందనుకున్నాను. పక్కింటి వాళ్ల పిల్లలు కూడా ఇదే చూసి పాడైపోతున్నారని ఒక్క క్షణం సంతోషపడ్డాను కూడా. అప్పుడు అత్తగారు చేతిలో సంచీతో గదిలోంచి ఊడిపడింది.

"ఓ కోడలుపిల్లా! టీవీ బంద్ ఉంది గదనే! మరి మన పిల్లేది?"

ముగ్గురం పరుగెత్తాం. బాత్రూమ్ తలుపు లోపల గడియ పడి ఉంది. ఆ గడియ బిగుతు. పెద్దవాళ్లం కూడా కాస్త పైకి ఎత్తి లాగితే గానీ రాదు. పిల్ల ఎలా పెట్టిందో పెట్టేసింది, తీయడం రాలేదు. బయట మా గొంతులు వినగానే, అప్పటిదాకా పుస్తకంలోని తెలుగు మాట్లాడిన పిల్ల భోరుమంది.

"గడియ పక్కకి లాగమ్మా!" అని నేను.

"గుంజు బిడ్డా! ఎడమదిక్కు గుంజు! దొబ్బకు, గుంజు!" అని మా ఆయన.

దొబ్బడమంటే ఈ వైపు నెట్టడమే. మా వైపు ఆ మాట ఇంట్లో అనరు. అంత కంగారులోనూ "పిల్ల ముందు ఆ మాటలేమిటండీ!" అని ఆయన్ని కసిరాను. ఇద్దరం చెరొక తెలుగులో అరుస్తుంటే అది గుక్క తిప్పుకోకుండా ఏడ్చింది. మా ఆయన తలుపు విరగ్గొడతానని భుజం వంచాడు. కానీ పిల్ల తలుపుకు ఆనుకునే నిలబడి ఉంది, చిన్న చిన్న చేతులతో తలుపును బాదుతోంది. "జర ఎన్కకు జరుగు బిడ్డా" అని ఆయన, "వెనక్కి వెళ్లు నాన్నా" అని నేను. ఎవరి మాటా దాని చెవికెక్కలేదు. ఏడుపు వెక్కిళ్లలోకి దిగింది, తరువాత దగ్గులోకి. క్లాసులో నలభైమంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టేదాన్ని, నా పిల్లను ఒక్క అడుగు వెనక్కి వేయించలేకపోయాను.

అత్తగారు సంచీ కింద పడేసి, మా ఇద్దర్నీ చెరో పక్కకి తోసి, తలుపు దగ్గర చతికిలబడి గొంతు సవరించుకుంది. తరువాత బొంగురుగా, మగగొంతుతో అంది:

"భయపడకు చిన్నారీ! నేను వచ్చేశాను!"

మా ఆయన వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా వచ్చారేమోనని. లోపల ఏడుపు ఆగింది.

"కెప్టెన్, మీరేనా?"

"అవును, నేనే! ముందుగా గట్టిగా ఊపిరి పీల్చుకో! ధైర్యవంతులు ఎన్నడూ వెనుకడుగు వేయరు! కానీ నువ్వు ఇప్పుడు రెండడుగులు వెనక్కి వెయ్యి!"

లోపల టపటపమని రెండు అడుగుల చప్పుడు. మా ఆయన మళ్లీ భుజం వంచాడు. "ఆగురా సన్నాసీ! కిరాయి ఇల్లు!" అని ఆమె కొడుకును తన గొంతుతో గదమాయించి, మళ్లీ ఎలుగుబంటైపోయింది.

"ఇప్పుడు ముందుకు వచ్చి, ఆ గడియను నీ రెండు చేతులతో పట్టుకో!"

"పట్టుకున్నాను కెప్టెన్!"

"అద్భుతం! దాన్ని కొంచెం పైకి ఎత్తు! ఇప్పుడు కిటికీ ఉన్న వైపునకు..."

అక్కడ ఆమెకు మాట అందలేదు. ఆ ఎలుగుబంటి ఇలాంటప్పుడు ఏ మాట వాడుతుందో గుర్తురాక నుదురు కొట్టుకుంది. నేను అందించబోయాను.

"గుంజు!" అని ఒక్క కేక పెట్టింది.

ఠప్పున గడియ ఊడింది. ముక్కు కారుతూ, జుట్టంతా నీళ్లతో బయటికి వచ్చిన పిల్ల చేతులు చాచిన నన్ను దాటుకుని, వాళ్ల నాన్నను దాటుకుని, నాయినమ్మ మెడకు చుట్టుకుంది. "కెప్టెన్ వెళ్లిపోయారా?" అని అడిగింది.

"పోయిండు బిడ్డా. నేనున్న," అంది ఆమె. పిల్ల తల తుడుస్తూ తను కూడా ఏడ్చేసింది.

నేను నేల మీదే కూలబడ్డాను. "అత్తయ్యా, ఇవన్నీ ఎప్పుడు నేర్చుకున్నారు మీరు?" అన్నాను.

"నేర్సుడేంది? మీరు పిల్లను టీవీ ముంగల కూసుండబెట్టి పోతరు. దాని పక్కన కూసునేది ఎవ్వలు?"

వంటింట్లో వంకాయలు మాడిన వాసన వస్తున్నా లేవలేదు. ఇంతలో మహేశ్వరం నుంచి ఆడబిడ్డ ఫోన్ చేసింది. రేపు ఎన్నింటికి వస్తున్నారని అడుగుతున్నట్టుంది. అత్తగారు పిల్లను ఒళ్లోంచి దించకుండానే, కొంగుతో కళ్లు తుడుచుకుని, ఫోనులోకి గట్టిగా చెప్పింది.

"లేదు బిడ్డా, నేను రాను. నేనొస్తే గీ పిల్లతోని మాట్లాడెటోళ్లు ఇంట్ల ఎవ్వలున్నరు? దాని తల్లికి, నాయినకు దాని భాష రాదాయె."