చిలుము పట్టిన పెట్టె

బస్సు టైరు పేలింది. డ్రైవరు దిగి చూసి, స్టెప్నీ కూడా అంతంతమాత్రమేనని తేల్చి, ఊరు దగ్గరే కాబట్టి నడవగలిగినవాళ్ళు నడవొచ్చని చెప్పాడు. కొందరు తిట్టుకున్నారు. నాకలాంటి వాటికి కోపం రాదు. జీవితంలో సగం దారుల్లోనే గడిపినవాణ్ణి. నాకు తగిలిన మంచి మనుషుల్లో చాలామంది చెడిపోయిన బండ్ల పక్కనే తగిలారు.

అందరూ సంచులు కింద పెట్టి ఒళ్ళు విరుచుకుంటుంటే ఒకామె మాత్రం చేతిలోది దించలేదు. ముప్పై దాటి ఉంటాయి. తువ్వాలు చుట్టిన దాన్నేదో గుండెలకి ఆనించుకుని నిలబడింది.

"నిద్రపోతున్నాడా?" అని పలకరించాను.

"చచ్చిపోయాడు" అంది.

నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ఆమె అది గమనించి తువ్వాలు అంచు తీసి చూపించింది. లోపల నల్లటి పెట్టె. టీవీకి తగిలించి ఆటలాడుకునే గేమ్ కన్సోల్.

"నేను చంపలేదు లెండి. చంపినాయన దగ్గరికే తీసుకెళ్తున్నా."

ఇంతమాట విన్నాక బస్సు కోసం ఎదురుచూసేవాణ్ణి కాదు. సంచి భుజాన వేసుకుని ఆమె పక్కన నడక మొదలుపెట్టాను. చంపినాయన ఎవరని అడిగితే "మా మావయ్య, అమ్మ తమ్ముడు" అంది. తర్వాత అడగాల్సిన పని లేకపోయింది.

ఆమె తండ్రి కుళాయిలు, పైపులు బిగించే మనిషి. మేనమామకి బజారులో గేమ్ కన్సోళ్ళు బాగుచేసే కొట్టు. చదువు ఆగిపోగానే ఆమె ఆ కొట్టులో చేరింది. అక్కడ అసలు గిరాకీ రిపేరుకి కాదు. పెట్టె విప్పి, సర్క్యూట్ బోర్డు మీద అదనంగా ఒక చిప్పు అతికిస్తే, కంపెనీవాళ్ళు వద్దన్న ఆటలు కూడా అందులో ఆడతాయి. ఆ చిప్పు నుంచి వెంట్రుకంత తీగలు లాగి, ఆవగింజ కన్నా చిన్న రాగి చుక్కలకి టంకం పెట్టాలి. ఆ పనిలో మేనమామని మించినవాడు లేడని బజారంతా అనేది. ఆయన్ని 'వెన్నచెయ్యి' అని పిలిచేవారు.

"మొదట్లో నేను చెయ్యని తప్పు లేదు తాతగారూ. టంకం పెట్టే ఐరన్ ఒక్క క్షణం ఎక్కువ ఆనిస్తే రాగి చుక్క ఎండిన పొక్కులా ఊడి చేతికొచ్చేస్తుంది. వేడి చాలకపోతే టంకం పైపైన కూర్చుంటుంది. పనిచేసినట్టే చేస్తుంది, పెట్టె కదిపితే చస్తుంది. ఎక్కువ పోస్తే చిప్పుకుండే పక్కపక్క కాళ్ళు రెండూ అతుక్కుంటాయి. ఇవన్నీ మంచి తప్పులు. అప్పటికప్పుడే మొహం మీద తిట్టేస్తాయి. మావయ్య చేసింది అలాంటిది కాదు."

టంకం పారాలంటే ముందు రాగికి పేస్టు పూయాలట. బోర్డులకి వాడేది మెత్తనిది. నీళ్ళ పైపులకి వాడేదాంట్లో ఆమ్లం ఉంటుంది. పైపులోనైతే నీళ్ళు పారి కడిగేస్తాయి కాబట్టి ఇబ్బంది లేదు. బోర్డు మీద అది అలాగే ఉండిపోయి, తేమ పీల్చుకుని, నెమ్మదిగా రాగిని తినేస్తుంది. నెలలు గడిచాక అతుకుల చుట్టూ పచ్చగా చిలుము పూస్తుంది. అప్పుడు పెట్టె పోతుంది.

కొట్టులో కారుతున్న కుళాయి బిగించడానికి తండ్రి వచ్చి తన పేస్టు డబ్బా మరిచిపోయి వెళ్ళాడు. మేనమామ దగ్గర మెత్తని పేస్టు అయిపోయింది. ఎదురుగా ఈ డబ్బా. పూసి చూస్తే టంకం నీళ్ళలా పారింది. ముచ్చటపడి డబ్బా మొత్తం తన సీసాలోకి గీకేసుకున్నాడు. అప్పటికి ఏమీ తెలియని ఈమె, తండ్రి ఇల్లంతా తిరగేసి డబ్బా వెతుకుతుంటే తానూ మంచాల కిందికి దూరి వెతికింది.

నెలల తర్వాత పెట్టెలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. కొట్టు ముందు జనం. గొడవ. మేనమామ నలుగురి ముందూ ఈమెని వేలెత్తి చూపించాడు. ఈ పిల్లే వాళ్ళ నాన్న సంచిలోంచి పైపుల పేస్టు తెచ్చి నాకు తెలియకుండా పూసింది, నా చెయ్యయితే ఇలా జరుగుతుందా అన్నాడు. గొడవ విని తండ్రి వచ్చాడు. కనబడకుండా పోయిన డబ్బా గురించి ఆయనకి తెలుసు కదా.

"మా నాన్న నన్ను తిట్టలేదు, కొట్టలేదు. ఒక్క మాటైనా అనలేదు. ఇంటికెళ్ళి పనిముట్ల సంచికి తాళం వేసుకున్నాడు. నా ముందే."

బజారులో ఆమెకి 'చిలుము' అని పేరు పడింది. ఏ కొట్టువాడూ పనిలోకి రానివ్వలేదు. వేరే ఊరు పోయి మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు బాగుచేసుకుంటూ బతికింది. పెట్టిన అతుకుని మూడుసార్లు చూసుకోవడం అలవాటైపోయిందని, ఆ అలవాటు పోయిన రోజు మావయ్యని క్షమిస్తానని అంది. పోయే సూచనలు నాకైతే కనిపించలేదు.

పగ గురించి నేను పుస్తకాల్లో చాలా చదివాను. కోటలు కూలడం, కత్తులు నూరడం, వంశాలకి వంశాలే మాసిపోవడం. ఇస్త్రీపెట్టెలు బాగుచేసుకుంటూ, పాత సామాన్లవాడు వీధిలోకి వచ్చిన ప్రతిసారీ బయటికి పరిగెత్తి బండిలో వెతికే పగ మాత్రం ఏ పుస్తకంలోనూ తగల్లేదు. ఆమె వెతికింది ఈ నల్లపెట్టె కోసం. ఇది మేనమామ కొట్టులో అద్దాల బీరువాలో ఉండేది, ఆయన పనితనానికి నమూనాగా. ఈమె జ్వరంతో మంచం పట్టిన రోజుల్లో ఆయన తన చేత్తో చేసుకున్నది. చివరికి అదీ పాడైంది. పాడైన నమూనా ఎవరి కంటా పడకూడదని ఆయన దూరం నుంచి వచ్చిన బండివాడికి అమ్మేశాడని ఈమె చెవిన పడింది. ఆ బండి తిరిగి తిరిగి ఈమె వీధిలోకి వచ్చింది.

"విప్పి చూశా. పచ్చగా ఉంది. కడిగెయ్యాలని నా చేతులు ఎంత పీకాయో మీకు తెలీదు."

"కక్ష తీరాక ఏం చేస్తావమ్మా?"

"ముందు తీరనివ్వండి. మావయ్య పెద్ద కొట్టులోకి మారుతున్నాడు. నాన్న అక్కడే పైపులు వేస్తున్నాడు. ఇద్దరూ ఒకే చోట దొరుకుతారు."

కొట్టు ఇరుకు వీధిలో ఉంది. కొత్త రంగు వాసన. గోడకి వేలాడుతున్న వైర్లు, బల్ల మీద విప్పిన పెట్టెలు. ఒక బ్యాంకు ఉద్యోగి, ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు తమ పెట్టెల కోసం కాచుక్కూర్చున్నారు. వెనక గదిలో సింకు కింద ఎవరివో కాళ్ళు కనిపిస్తున్నాయి. మేనమామ గుండ్రటి మనిషి. నుదుటి మీద భూతద్దం.

"ఓహో, చిలుము వచ్చిందే. ఎన్నాళ్ళకి కనబడ్డావే. ఏం తెచ్చావ్, ఇస్త్రీపెట్టా?"

ఆమె నవ్వింది. తువ్వాలు విప్పింది. "నీదేనా మావయ్యా ఇది?"

ఆయన భూతద్దం దించుకున్నాడు. మొహం ఒక్క క్షణం వాడింది. అంతలోనే సర్దుకున్నాడు. "నాదే. ఎక్కడ దొరికింది?"

"ఇందులో టంకం ఎవరు పెట్టారు?"

"ఇంకెవరు? ఈ బజార్లో ఎవర్నైనా అడుగు. దాంట్లో నా చెయ్యి తప్ప పరాయి చెయ్యి పడలేదు. నీ చెయ్యి అసలే పడలేదు, నా అదృష్టం."

కుర్రాళ్ళు నవ్వారు.

"వెనకున్నవాళ్ళకి వినపడలేదు. ఇంకోసారి చెప్పు."

తన గొప్ప రెండోసారి చెప్పమంటే కాదనే రకం కాదాయన. ఇంకాస్త గట్టిగానే చెప్పాడు. ఆమె మరలు విప్పి మూత తీసింది. ప్రతి అతుకు చుట్టూ పచ్చటి బూజులా చిలుము.

"ఇదేంటండీ ఇలా ఉంది?" అన్నాడు బ్యాంకు ఉద్యోగి మెడ చాచి.

"తేమ సార్. పాతబడితే అంతే" అన్నాడు మేనమామ.

బల్ల మీదున్న ఐరన్ వేడెక్కే ఉంది. తీగల మీద అంటించిన టేపు పీకి, అడుగున పేస్టు జిడ్డుగా మిగిలి ఉన్న చోట ఆమె ఐరన్ మొన ఆనించింది. సన్నగా పొగ లేచింది. మాడిన మైనంలా, అందులోనే పుల్లగా, ముక్కుని గిల్లే వాసన.

సింకు కింద కాళ్ళు కదలడం మానేశాయి.

"పైపు ఎవరు అతికిస్తున్నారక్కడ?" లోపలి నుంచి ముసలి గొంతు.

పానా పట్టుకుని తండ్రి బయటికొచ్చాడు. కూతుర్ని చూసి ఆగాడు.

"ఎవరూ పైపు అతికించట్లేదు నాన్నా. మావయ్య పెట్టిన టంకం వేడి చేస్తున్నా."

ఆయన దగ్గరికొచ్చి వంగాడు. జిడ్డుని వేలితో రాసి వాసన చూశాడు. బామ్మర్ది వైపు తిరిగాడు. "ఇది నా డబ్బాలోది."

మేనమామ మొహంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. "అది కాదు బావా. ఆ రోజు పేస్టు అయిపోయింది. ఎదురుగా నీ డబ్బా ఉంది. ఒక్కసారి వాడా."

"ఒక్కసారా?" అంది ఆమె.

"సరేనే, వాడా. ఏం చెయ్యమంటావ్? నా పేరు పోతే కొట్టే పోయేది. నువ్వు చిన్నపిల్లవి, నీకేం పేరుంది పోవడానికి?"

"అప్పుడు ఎంత గొంతుతో చెప్పావో ఇప్పుడూ అంతే గొంతుతో చెప్పు."

"ఇంతమంది ముందా? ఇప్పుడే కొత్త కొట్టు పెట్టానే."

"నన్నెంతమంది ముందు అన్నావు?"

ఆయన చెప్పాడు. మొదట గొణిగాడు. ఆమె ఐరన్ మళ్ళీ ఆనించింది. పొగ మళ్ళీ లేచింది. ఈసారి గడప దాకా వినపడేలా చెప్పాడు. పక్క కొట్టువాళ్ళు అప్పటికే గుమ్మంలో మూగారు. ఆమె బ్యాంకు ఉద్యోగి వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, "మీ పెట్టె కూడా ఒకసారి విప్పించి చూసుకోండి సార్" అంది. ఆయన తన పెట్టె బల్ల మీంచి తీసి చంకలో పెట్టుకున్నాడు. కుర్రాళ్ళూ తీసుకున్నారు. బల్ల ఖాళీ అవుతుంటే మేనమామ ఒక్కో పెట్టె వెనకా చేతులు చాచాడు. ఒక్కరూ ఆగలేదు.

ఆమె కళ్ళు మెరిశాయి. కడుపు నిండా తిన్న మనిషి మొహంలా ఉంది ఆ మొహం. నాకది చూడటానికి అంత బాగా లేదు. అయినా చూపు తిప్పుకోలేదు.

తండ్రి పానా కింద పెట్టాడు. చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు.

"అమ్మా, నువ్వు చెప్పొచ్చు కదా" అన్నాడు.

ఇక్కడితో కథ మెత్తబడుతుందని నేను అనుకున్నాను. గుమ్మంలోవాళ్ళూ అనుకున్నట్టున్నారు, దారి ఇస్తున్నట్టు కాస్త వెనక్కి జరిగారు.

"నువ్వు అడగొచ్చు కదా నాన్నా" అంది ఆమె.

ఐరన్‌ని స్టాండులో పెట్టింది. ప్లగ్గు పీకింది. పెట్టె బల్ల మీదే వదిలేసి జనం మధ్యలోంచి నడిచింది. తండ్రి పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. నేను పక్కకి జరిగి చోటిచ్చాను. ఇంత దూరం కలిసి నడిచినవాణ్ణని నా వైపైనా చూడలేదు. వీధి మలుపు దాకా అదే నడక. ఆ తర్వాత కనబడలేదు.