చెప్పి వెళ్లిన తనిఖీ

ఆ కెమెరా కిలో బరువు కూడా ఉండదు. పెట్రోలు బంకులో గొట్టం చివర ఉండే పిడిలా ఉంటుంది. ముందు ఒక లెన్సు, వెనక అరచేతిలో సగమంత తెర, చూపుడువేలికి అందేలా ఒక మీట. వెలుతురుతో దానికి పని లేదు. వేడిని చూస్తుంది, చూసిన వేడికి రంగులు వేస్తుంది. నా మిత్రుడు ఫరీదాబాద్‌లోని తన ఇంట్లో బీరువాలోంచి దాన్ని తెచ్చి, చుట్టిన పాత తువ్వాలు విప్పి నా ముందు పెట్టాడు. తను ఎత్తి గురి చూడలేదు. రెండేళ్లుగా ఆయన చేతులు వణుకుతున్నాయి. టీ కప్పు కూడా రెండు చేతులతో పట్టుకుంటాడు.

"కండ్లు నావి, చేతులు నీవి. పట్టుకో పేపరోడా" అన్నాడు.

ఆయనది కడప వైపు. కేంద్ర ప్రభుత్వంలో ఎలక్ట్రికల్ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాడు. నేను ఒక తెలుగు దినపత్రిక ఢిల్లీ ఆఫీసులో రిపోర్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ముప్పై ఏళ్ల స్నేహంలో ఆయన నన్ను మరో పేరుతో పిలిచింది లేదు.

నేను ఆయన దగ్గరికి వెళ్లింది మా తమ్ముడి కూతురి కోసం. సివిల్స్‌కు చదువుకుంటూ ఢిల్లీ బేర్ సరాయ్‌లో మూడో అంతస్తులో అద్దెకు ఉండేది. ఆ భవనానికి ఒకటే మెట్ల దారి. ఎదురుగా మనిషి వస్తే ఒకరు గోడకు ఒత్తుకుని నిలబడాలి. ఆ మెట్ల కిందే అన్ని గదుల మీటర్లు, మెయిన్ బోర్డు. మే నెలలో ఏసీలు మొదలయ్యాక మధ్యాహ్నాలు లైట్లు డిమ్మవుతున్నాయనీ, మెట్ల దగ్గర కాలిన ప్లాస్టిక్ వాసన వస్తోందనీ ఏదో మాటల్లో చెప్పింది. పరీక్షకు అప్పటికి పంతొమ్మిది రోజులుంది. అది ఆమె మూడో ప్రయత్నం. గది మారాలంటే వెతకడానికీ సర్దుకోవడానికీ వారం పోతుంది.

ఏలూరు నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, నువ్వొకసారి చూసి చెప్పు. ఉండమంటే ఉంటది, ఖాళీ చెయ్యమంటే చేస్తది. నీ మాటే."

వేసవి వస్తే ఢిల్లీలో ఇలాంటి మెట్లున్న ఏదో ఒక భవనంలో మంటల వార్త వస్తుంది. నేనూ రాశాను, చాలాసార్లు. 'షార్ట్ సర్క్యూటే కారణమని ప్రాథమిక అంచనా' అనే వాక్యం నా చేతికి ఎంత అలవాటైపోయిందంటే, అక్కడికి వెళ్లకముందే సగం వార్త తయారుగా ఉండేది. ఆ అంచనా వెనక అసలేం జరుగుతుందో ఎన్నడూ ఎవరినీ అడగలేదు.

ఆ రోజు మిత్రుడి భోజనాల బల్ల మీదే నా శిక్షణ జరిగింది. బ్యాటరీ నిండేదాకా ఆగాం. తేదీ, టైము సరిచేయించాడు. కొలత సెల్సియస్‌లో పెట్టించాడు. లెన్సు మీద మూత తీయకుండానే నేను మీట నొక్కితే నవ్వాడు.

"పది నిమిషాలు ఆగబ్బా. అది గది వేడికి అలవాటు పడాల. అప్పుడప్పుడు లోపల టిక్కుమంటాది, బెదరాకు. కన్ను మూసుకోని తన లెక్క తాను సరిచూసుకుంటాది. ఆ టిక్కు అయినాకనే ఫోటో తీయి."

తెరలో టీ కప్పు తెల్లగా వెలిగింది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా నల్లటి నీలంలో కనిపించింది. ఆయన గోడ మీద చెయ్యి ఆనించి తీశాడు. చెయ్యి లేని చోట ఐదు వేళ్లూ నారింజ రంగులో కాసేపు నిలిచి, మెల్లగా గోడలో కలిసిపోయాయి. కిటికీ వైపు తిప్పితే బయటి వేపచెట్టు రాలేదు. అద్దంలో ఎవరో మనిషి మసకగా నిలబడి ఉన్నాడు.

"గాజు దీనికి గోడే. అవతల ఏముందో చూడలేదు. ఎదురుగా ఉండేవాణ్ణి చూపిస్తాది" అన్నాడు. మరునాడు ఆయనకు డాక్టరు దగ్గర పని. నన్ను ఒంటరిగా పంపుతూ ఒక్క మాట చెప్పాడు. "ఫోటోలు తీసుకోని రా. బాగుందో లేదో నేను చెప్తా. నువ్వు చెప్పాకు."

సరేనన్నాను. బయల్దేరే ముందు అమ్మాయి ఉండే ఇంటి యజమానికి ఫోన్ చేసి, రేపు పదకొండుకు వస్తున్నానని చెప్పాను. ఎవరి దగ్గరికి వెళ్లినా ముందు చెప్పి వెళ్లడం నా వృత్తి నేర్పిన మర్యాద. ఆయన ఎంతో ఆదరంగా, "ఆయియే సర్ జీ, ఆప్ కా హీ ఘర్ హై" అన్నాడు, రండి, ఇది మీ ఇల్లే అని.

వెళ్లేసరికి మెట్లు కడిగి ఉన్నాయి. గుమ్మానికి రెండు వైపులా సున్నపు గీత వేసి ఉంది. మెయిన్ బోర్డు పెట్టెకు కొత్తగా వెండి రంగు పూశారు. ఆ పెయింటు వాసన తప్ప ఇంకే వాసనా లేదు. లోపలి రాగి పట్టీలను గరుకు కాగితంతో రుద్దారు కాబోలు, పూజ గిన్నెల్లా మెరుస్తున్నాయి. ఎలక్ట్రీషియన్ ఇస్త్రీ చొక్కాలో నిలబడ్డాడు. యజమాని చల్లటి మజ్జిగ తెప్పించాడు. మంత్రుల పర్యటనల్లో ఇలాంటి సున్నపు గీతలు ఎన్ని చూశానో లెక్క లేదు. వాటి మీద వెటకారంగా వార్తలు కూడా రాశాను. ఆ ఉదయం మాత్రం ఆ గీత నాకోసం వేశారు కనుక కాబోలు, నాకేమీ తోచలేదు. భవనమంతా నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దం హాయిగా కూడా అనిపించింది.

టిక్కుమన్నాక ఫోటోలు తీశాను. అంతా నీలం. ఒక రాగి పట్టీ మీద లేత పసుపు మరక తప్ప మరేం లేదు.

"దేఖియే, ఏక్‌దమ్ ఠండా!" అన్నాడు యజమాని నా భుజం మీదుగా తొంగి చూస్తూ. పూర్తిగా చల్లగా ఉందని ఆయన మాట.

మునీర్కా మెట్రోకు ఆటోలో వెళ్తూ తమ్ముడికి మెసేజ్ పెట్టాను. 'చూశాను. భయం లేదు. అక్కడే చదువుకోనివ్వు.' మిత్రుడి మాట గుర్తులేక కాదు. కంటితో చూశాను, తెర మీద నీలం ఉంది, చెప్పడానికేం అనుకున్నాను. నిర్ధారణ కోసం ఆగితే పక్క పత్రిక ముందు వేస్తుందనే తొందర నలభై ఏళ్లు ఒంట్లో ఉన్నాక, వేరే పత్రిక ఏదీ లేని చోట కూడా అది పోదు.

రెండు రోజుల తర్వాత ఫరీదాబాద్‌లో ఆ ఫోటోలను మిత్రుడి టీవీలో పెట్టాం. ఆయన కళ్లజోడు మార్చుకుని దగ్గరగా కుర్చీ జరుపుకున్నాడు. ఫోటోలను వెనక్కీ ముందుకూ తిప్పించాడు.

"ఈ పసుపు ఏంది?"

"ఏదో కొంచెం వేడి. పెద్దదేం కాదుగా?"

"ఈ ఫోటోలో ఎడమ పక్కన ఉండాది. ఇంకో దాంట్లో కుడి పక్కకొచ్చె. వేడి నడుస్తాదా అప్పా?" నా వైపు తిరిగాడు. "అది నువ్వు. నీ ఒంటి వేడి ఆ రాగిలో కనపడతాంది. మొన్న కిటికీలో కనపడలా, అట్ల. పోయినోడివి నిన్ను నువ్వు ఫోటో తీసుకోనొచ్చినావు."

వంటింట్లోంచి స్టీలు గ్లాసు నిండా మరిగిన నీళ్లు తెప్పించాడు. కెమెరాలో ఆ గ్లాసు గది గోడంత చల్లగా కనిపించింది. గ్లాసుకు చిన్న నల్ల టేపు ముక్క అతికించమన్నాడు. క్షణాల్లో ఆ ముక్క ఒక్కటే తెల్లగా వెలిగి, ఎనభై దాటిన అంకె చూపింది. గ్లాసు అదే, నీళ్లు అవే.

"మెరిసేది తన వేడి చెప్పదు, పక్కోడి వేడి చెప్తాది. అందుకే టేపు. మరి, ఆ పొద్దు లోడు ఎంతుండె? ఏసీలు ఆడతాండెనా?"

నాకు తెలియదు. అక్కడి నుంచే అమ్మాయికి ఫోన్ చేశాను.

"ఆ గంట అన్నీ బంద్ పెదనాన్నా. ఓనర్ అంకుల్ గ్రూప్‌లో మెసేజ్ పెట్టారు. సర్ జీ చెకింగ్‌కి వస్తున్నారు, పదకొండు నుంచి పన్నెండు దాకా ఏసీ, గీజర్ ఏవీ వెయ్యొద్దని. మీరే చెప్పించారనుకున్నాం. అందరం లైబ్రరీకి వెళ్లిపోయాం." కాస్త ఆగి, "ఏం, బానే ఉందన్నారుగా?" అంది.

మళ్లీ చేస్తానని పెట్టేశాను.

మిత్రుడు టీవీ ఆపాడు. తన ఉద్యోగం రోజుల సంగతి నాకు ఎప్పుడూ చెప్పనిది అప్పుడు చెప్పాడు. ఒక ఆఫీసు భవనంలో స్విచ్ గది తనిఖీకి వెళ్తే, పెద్ద సారు వస్తున్నాడని కింది వాళ్లు అన్నీ తుడిచి, లోడు తగ్గించి ఉంచారట. ఈయన 'అంతా సవ్యం' అని రాసి సంతకం పెట్టాడు. వారం తిరక్కముందే అక్కడి వైర్‌మన్ చేతులు మోచేతుల దాకా కాలాయి.

"ఆయప్పకు చేతులు ఉండాయి, పని చెయ్యవు. చూసేదానికి ఒక్కసారి పోయినా. రెండోసారి పోలేకపోయినా" అన్నాడు. ఆ మాట అన్నాక తన చేతుల వైపు చూసుకోలేదు. నేనూ చూడలేదు. "రేపు మూడున్నరకు పోదాం. నేనూ వస్తా. ఎవరికీ ఫోన్ చేయాకు."

మరునాడు వెళ్లేసరికి బేర్ సరాయ్ సందులో తలల మీద ఏసీ నీళ్లు కారుతున్నాయి. ప్రతి కిటికీలోంచి రొద. మెట్ల దగ్గర వెండి రంగు వాసన పోయి, అమ్మాయి చెప్పిన వాసన వచ్చింది. నిద్ర మొహంతో వచ్చిన యజమాని, చెప్పి రావాల్సిందని నొచ్చుకున్నాడు.

"బతాకే ఆనా థా, సర్ జీ."

"బతాకే ఆయే థే. ఇసీలియే కుఛ్ దిఖా నహీ" అన్నాడు మిత్రుడు కడప యాస హిందీలో. చెప్పి వచ్చాం, అందుకే ఏమీ కనబడలేదు.

మా మాట మీద యజమాని పిలిపించిన ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి, పెట్టె తెరిచి, మిత్రుడు చూపిన చోటల్లా నల్ల టేపు ముక్కలు అతికించాడు. మళ్లీ మెయిన్ వేశాక అరగంట ఆగమన్నాడు మిత్రుడు. అందరి ఏసీలూ ఆడనివ్వాలి. యజమాని మెట్టు మీద కూర్చుని ఫోన్ చూసుకున్నాడు. మిత్రుడు టేపు చుట్టను రెండు చేతుల మధ్య పట్టుకుని నిలబడ్డాడు.

కెమెరా ఎత్తాను. టిక్కుమంది. పట్టీలు పసుపు, నారింజ. మెయిన్ స్విచ్ నుంచి పట్టీలకు కరెంటు తెచ్చే తీగను బిగించిన స్క్రూ దగ్గర మాత్రం ఒక తెల్లటి చుక్క. అంకె నూట పద్దెనిమిది. చూస్తుండగానే నూట ఇరవై రెండు. పక్కనే ఉన్న రెండో తీగ దగ్గర యాభై.

"మశీన్ మే కుఛ్ గడ్‌బడ్ హోగీ" అన్నాడు యజమాని. కెమెరాలోనే తప్పుందని ఆయన ఆశ.

ఎలక్ట్రీషియన్ తెర వైపు చూశాడు. ఎవరూ చెప్పకుండానే చెయ్యి చాపి మెయిన్ ఆపేశాడు. కాసేపయ్యాక, కరెంటు లేదని టెస్టర్‌తో చూసుకుని తీగను ఇవతలికి వంచాడు. ముందు వైపు కొత్తదానిలా ఉంది. వెనక వైపు తొడుగు గోధుమ రంగుకు తిరిగి, పెళుసెక్కి, వేలు తగలగానే రాలింది. స్క్రూ వదులుగా ఉంది. నా మొదటి తనిఖీ కోసం ఇతను రాగి పట్టీలు మెరిసేలా రుద్దాడు కానీ, ఆ స్క్రూ బిగించమని ఎవరూ అతనికి చెప్పలేదు.

కరెంటు పోవడంతో పైనుంచి పిల్లలు దిగడం మొదలుపెట్టారు. ఫోన్ల వెలుగులో, ఒకరి వెనక ఒకరు, విసుక్కుంటూ. "క్యా హువా భయ్యా?" "అరే, ఆగవే, చెప్పు జారింది!" రెండో అంతస్తు మలుపులో ఒక సైకిల్, నీళ్ల డబ్బాలు ఉన్నాయి. అక్కడ అందరూ ఒక్కొక్కరుగా పక్కకు తిరిగి రావాల్సి వచ్చింది. ఏ ప్రమాదమూ లేదు. తొందర కూడా లేదు. అయినా చివరి మనిషి బయటకు వచ్చేదాకా దిగేవాళ్లను లెక్కపెడుతూనే ఉన్నాను. ఆ చివరి మనిషి మా అమ్మాయి. చంకలో పుస్తకం, అందులో వేలు అలాగే ఉంది.

నన్ను చూసింది, కెమెరా చూసింది, వంచిన తీగ చూసింది.

"పెదనాన్నా, మొన్న భయం లేదన్నారు కదా?"

కోపంగా అనలేదు. తెలుసుకోవడానికి అడిగింది. ఆ నాలుగు రోజులూ నా మాట మీద ఆమె అక్కడ చదివింది, తింది, ఏసీ వేసుకుని నిద్రపోయింది.

పత్రికలో మేం తప్పు రాస్తే 'సవరణ' అని లోపలి పేజీలో నాలుగు లైన్లు వేసేవాళ్లం. చిన్న అక్షరాలు. మొదట రాసిన తప్పేమిటో అందులో చెప్పకుండా జాగ్రత్త పడేవాళ్లం. అలాంటివి నేనే చాలా రాశాను. ఆ పూట తమ్ముడికి ఫోన్ చేస్తున్నప్పుడు కూడా మొదట నోటిదాకా వచ్చింది ఆ భాషే. చిన్న రిపేరు ఉందట, రెండు రోజులు మా ఇంట్లో ఉంటుందిలే, అని.

మిత్రుడు నన్నే చూస్తున్నాడు.

"ఒరే, నేను మొన్న తప్పు చెప్పాను" అన్నాను. "సరిగ్గా చూడకుండా భయం లేదన్నాను. భయం ఉంది. ఇవాళ చూశాం. ఇప్పుడే కరెంటు ఆపించాం. మరో వారం అలాగే ఉంటే ఏమయ్యేదో చెప్పలేను."

తమ్ముడు వెంటనే అడిగింది ఒకటే.

"పిల్ల ఎక్కడుంది?"

"నా పక్కనే ఉంది."

"దానికియ్యి."

ఆమె ఫోన్ తీసుకుని సందులోకి నడిచింది. "బానే ఉన్నా నాన్నా... లేదు, కాలలేదు... అబ్బ, పుస్తకాలన్నీ ఉన్నాయి నాన్నా" అనడం వినిపించింది. తర్వాత తిరిగివచ్చి ఫోన్ నా చేతిలో పెట్టింది. తమ్ముడు పెట్టేశాడు. ఆ తర్వాత వారం పాటు వాడు నాతో మాట్లాడలేదు. తప్పు పట్టలేను.

సామాను తెచ్చుకోవడానికి ఆమె పైకి వెళ్లింది. నేనూ వెళ్లబోతే మిత్రుడు ఆపాడు. "ఆ మొదటి ఫోటోలు చెరపాకు" అన్నాడు. నేను చెరపలేదు. మెరిసే రాగి పట్టీ మీద మసక పసుపులో నేను నిలబడి ఉన్న ఫోటో ఇప్పటికీ ఉంది. ఎవరైనా తమ ఇంటి బోర్డు చూడమని పిలిస్తే, బయల్దేరే ముందు ఒకసారి దాన్ని తెరిచి చూసుకుంటాను. వస్తున్నానని మాత్రం చెప్పను.

ఆ పరీక్ష ఆమె మయూర్ విహార్‌లోని మా ఇంటి నుంచి రాసింది.