బావ నడిపిన గూడ్సు

అబద్ధాలాడటంలో మా రైల్వే కాలనీలో నాకు పోటీ లేదు. అందుకే ఆ వేసవిలో రైల్వే సమ్మెతో దేశమంతా రైళ్ళు ఆగిపోయినప్పుడు, పోలీసులొస్తే జవాబు చెప్పే పని నాకే పడింది. వాళ్ళు ఇంజను డ్రైవర్లను ఇళ్ళలోంచి లాక్కెళ్ళి బలవంతంగా డ్యూటీ ఎక్కిస్తున్నారు. మా బావ డ్రైవరే. ఎలమంచిలి దగ్గర చుట్టాల జీడితోటకు పారిపోయాడు. వెళ్ళేటప్పుడు అక్క ఒక్కటే చెప్పింది.

"గెంజి తాగైనా బతుకుతాం. నువ్వు మాత్రం ఇంజనెక్కకు. ఎక్కినావంటే ఈ ఈదిలో తలెత్తుకోనేం."

పోలీసులు రానే వచ్చారు.

"మీ బావ ఏడిరా?"

"కాశీ ఎల్లాడండి."

"రైళ్ళు లేవు కదరా!"

"నడిసెల్లాడండి బాబూ. అందుకే ఆలీసం."

ఒకడు నవ్వి కొట్టాడు, ఇంకొకడు నవ్వకుండా కొట్టాడు. తర్వాత సామాను వీధిలో పడేసి క్వార్టరుకు తాళం వేశారు. అక్క మూడు ఇటుకలు పేర్చి గోడవారనే గంజి కాచింది. కాలనీ ఆడవాళ్ళతో కలిసి రోజూ నినాదాలిస్తూ పట్టాల పక్కన కూర్చునేది.

బావ బీడీల కోసం తోటలోంచి బయటికొచ్చి దొరికిపోయాడు. వెనక రెండు తుపాకులు పెట్టి బొగ్గు గూడ్సు ఎక్కించారు. ఆ బండి వాల్తేరులోకి వస్తుంటే ఆడవాళ్ళంతా చూశారు. ఇంజనులో ఉన్నది ఎవరో తెలిశాక ఒక్కరూ నినాదం ఇవ్వలేదు. అక్క లేచి వెళ్ళిపోయింది.

సమ్మె విరిగింది. ఇంజను ఎక్కనివాళ్ళలో చాలామందికి ఉద్యోగాలు పోయాయి. బావది మిగిలింది, క్వార్టరూ తిరిగొచ్చింది. ఆ తర్వాత మా గుమ్మం ఎవరూ తొక్కలేదు.

మూడేళ్ళకు ఎన్నికలొచ్చాయి. మా వైపు ఓట్లు ఎప్పటిలాగే పాత పార్టీకే పడ్డాయి గానీ, ఢిల్లీలో ప్రభుత్వం కూలింది. కూల్చినవాళ్ళలో పట్టాల పక్కన కూర్చున్న మనుషులూ ఉన్నారని నా నమ్మకం. కొత్తవాళ్ళు వచ్చి, తీసేసినవాళ్ళను మళ్ళీ పనిలో పెట్టుకున్నారు. స్టేషను ముందు దండలు, డప్పులు. బావ డ్యూటీ బట్టల్లో ఓ పక్కన నిలబడ్డాడు.

నేను ఊరుకోలేక అందుకున్నాను. "అసలా రోజు అనకాపల్లి దగ్గర మా బావ ఇంజన్లో నిప్పార్పీసినాడు! తుపాకోళ్ళు గంట సేపు పొయ్యి ఊదినారు!"

బావ నా భుజం పట్టుకున్నాడు.

"ఒగ్గీరా. ఏదీ ఆర్పనేదు. నానే నడిపినాను."

దండలేసుకున్నవాళ్ళు విన్నారు. ఊరేగింపు కదిలింది. ఆడవాళ్ళు అక్కను చెయ్యి పట్టి పిలిచారు. ఆమె బావ వంక చూసింది.

"ఎల్లు," అన్నాడు బావ.

అక్క వాళ్ళతో వెళ్ళింది. బావ లోకోషెడ్డు వైపు నడిచాడు.