స్టీరింగ్‌కి కట్టిన తాడు

రెండేళ్ళ కిందటి రోహిణి కార్తె. విజయనగరం నుంచి శృంగవరపుకోట పోయే రోడ్డు మీద నా రేకుల షెడ్డు నిప్పుల కుంపటిలా ఉన్న ఒక మధ్యాహ్నం, ఇద్దరే కూర్చోగల పాత ఎర్ర స్పోర్ట్స్ కారు ఒకటి లారీ మీద ఎక్కి వచ్చింది. నడిచే కారుని లారీ ఎక్కించి తెచ్చారంటే, ఆ కారంటే ప్రాణం పెట్టేవాళ్ళయినా అయ్యుండాలి, దాని మీద నమ్మకం పోయినవాళ్ళయినా అయ్యుండాలి. లారీ ముందు సీటులోంచి దిగినావిడ మొహం చూస్తే నాకు రెండూ కనిపించాయి.

ఆవిడ పేరు ఎస్తేరు. శ్రీకాకుళంలో ఫిజియోథెరపిస్టు. భర్త నూకరాజుది భోగాపురం దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. పడవ ఇంజన్లు బాగుచేయడంలో చెయ్యి తిరిగినవాడు. తుప్పు పట్టి మూల పడున్న ఆ కారుని తెచ్చి, తీరిక దొరికినప్పుడల్లా ఒక్కో భాగమే కూర్చి బతికించాడట. నడిపేది మాత్రం ఆవిడే. "నడపడం నీ పని, వినడం నా పని" అనేవాడట. ట్రాక్ పక్కన కంచె పట్టుకుని, తడి తువ్వాలు నెత్తిన వేసుకుని, కారు కనిపించకపోయినా శబ్దాన్ని బట్టి ఆవిడ ఏ మలుపులో ఉందో చెప్పేవాడట. కిందటి తుఫాను వెళ్ళిన వారానికే, ఊరి పడవల ఇంజన్లు బాగుచేసే హడావిడిలో ఉండగానే, గుండె ఆగి పోయాడు.

"ఎండలో ఒక్క పది నిమిషాలు గట్టిగా తిప్పితే సచ్చిపోతన్నాది బాబాయ్" అంది. "కాసేపు ఆపితే మళ్ళీ బాగానే ఉంటాది. పొద్దున్న పూట సూపిస్తే ఎవులికీ ఏటీ దొరకదు."

మా భాషలో దాన్ని స్టంబ్లింగ్ అంటారు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉన్నా ఇంజను ఊపిరి అందనట్టు తడబడి, మళ్ళీ అందుకుని, మళ్ళీ తడబడడం. కొండల కింద ఒక ప్రైవేటు ట్రాక్ ఉంది. ఒకప్పుడు లారీలు పరీక్షించడానికి వేసుకున్న తారు దారి. ఇప్పుడు కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు అప్పుడప్పుడూ శనివారాలు అద్దెకు తీసుకుని, విడతలు విడతలుగా తిప్పుకుంటారు. దాన్నే ట్రాక్ డే అంటారు. ఆ వేసవికి చివరిది పదిహేను రోజుల్లో ఉంది.

"విశాఖపట్నంలో ఒకాయన కొంటానంటన్నాడు. నా మాట కోసమే సూస్తన్నాడు. ఆ రోజు ఒక్క విడత పూర్తిగా నడిస్తే ఉంచుకుంటాను. లేదంటే ఇచ్చేస్తాను. ఇది ఆగిపోయినప్పుడల్లా ఆయన మళ్ళీ పోయినట్టుంటాది బాబాయ్. నావల్ల కాదు."

నేను కాస్త గర్విష్ఠిని. వయసులో ఉండగా కోయంబత్తూరులో రేసు కార్ల వర్క్‌షాపులో పనిచేసినవాణ్ణి. అది మూతపడి ఇటు వచ్చేశాక నా చేతికి వచ్చినవన్నీ స్కూలు వ్యాన్లు, కూరగాయల ఆటోలు, ట్రాక్టర్లు. వాటితోనే ఇల్లు గడిచింది, కాదనను. కానీ మంచి ఇంజను పై గొంతుకి వెళ్ళినప్పుడు కడుపులో కదిలేది ఒకటుంటుంది. దాని కోసం నేను ఎన్నేళ్ళుగా మొహం వాచి ఉన్నానో ఆ కారు బానెట్ ఎత్తినప్పుడే తెలిసింది. ఆవిడ కోసం ఎంత ఒప్పుకున్నానో నా కోసమూ అంతే ఒప్పుకున్నాను.

నడిపి చూద్దామని సీటులో కూర్చుంటే, స్టీరింగ్‌కి కట్టిన నీలం రంగు వల తాడు ముక్క చేతికి అడ్డొచ్చింది. విప్పబోయాను.

"ముట్టుకోకండి!" అని ఆవిడ కేకే పెట్టింది. తరవాత తనే సిగ్గుపడి, నెమ్మదిగా చెప్పింది. "తుఫాను ముందు రోజు కట్టినారు. దిష్టి తాడేమో. మేం బాప్టిస్టులం, మా ఇంట్లో ఇలాటివి కట్టం. పెళ్ళయ్యాక ఆయనా చర్చికి వచ్చేవోరు. అయినా కట్టారంటే ఏటి బయ్యం వేసిందో. ఆయన సేత్తో కట్టింది కదా, ఉండనీ అనుకున్నాను."

నేను మరి దాని జోలికి పోలేదు.

స్కానర్ పెట్టాను. అది కారు కంప్యూటర్‌తో మాట్లాడి తప్పు ఎక్కడో చెప్పే పరికరం. అంతా సవ్యమే అంది. చల్లారితే బాగుపడుతోంది కాబట్టి నేరం వేడిదేనని తీర్మానించాను. ఎండకి పైపులోనే పెట్రోలు ఆవిరైపోతే పంపు దాన్ని లాగలేదు. దాన్ని వేపర్ లాక్ అంటారు. పెట్రోలు పైపుకి వేడి తగలకుండా తొడుగు వేశాను. ఫిల్టరు మార్చాను. కారు అడుగున ఉన్న ఫ్యూయల్ పంపు మార్చాను. రోడ్డు మీద వెన్నలా నడిచింది. ట్రాక్ వాళ్ళని బతిమాలి ఒక మధ్యాహ్నం అక్కడికి తీసుకుపోతే, మళ్ళీ అదే తడబాటు. ప్రెజర్ గేజ్, అంటే ఇంజనుకి పెట్రోలు ఎంత ఒత్తిడితో అందుతోందో చూపే ముల్లు, నా కళ్ళ ముందే కిందికి జారిపోయింది. కొత్త పంపు, కొత్త ఫిల్టరు, అయినా పెట్రోలు అందడం లేదు. తల ప్రాణం తోకకొచ్చింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదని మా ఆవిడ, ఎవరైనా పోయారా అని అడిగింది.

చివరి ట్రాక్ డే వచ్చేసింది. తప్పు దొరకలేదని ఎస్తేరుకి ముందే చెప్పేశాను. "అయినా రండి బాబాయ్. ఇస్తే మీ ముందే ఇచ్చేస్తాను" అంది. ఆ కొనేవాడు కూడా వస్తున్నాడట. ఆవిడ వెంట అత్తగారు పోలమ్మ వచ్చింది. కొడుకు పోయాక ఆ ముసలామె పల్లెలో కారు పెట్టిన పాక వైపే వెళ్ళలేదట. వెళ్ళిపోయే కారుని ఒక్కసారి చూద్దామని వచ్చింది.

మొదటి విడతలోనే, ఎండ నడినెత్తికి రాకముందే, కారు తడబడింది. ఎస్తేరు దాన్ని నెమ్మదిగా రేకుల నీడలోకి తెచ్చి ఆపింది. స్టీరింగ్ మీద తల ఆన్చి అలాగే ఉండిపోయింది. నాకు ఏం చేయాలో తెలియక బానెట్ ఎత్తి, ఊరికే లోపలికి చూస్తూ నిలబడ్డాను. పోలమ్మ కోడలి వీపు నిమరడానికి కారు దగ్గరికి వచ్చింది. చెయ్యి సగంలో ఆగిపోయింది.

"ఓలమ్మో! ఈ తాడు ఇప్పనేదేటే ఇంకా?" అంది. "ఏ కన్నం మూసినాడు ఆడు?"

నేను బానెట్ వదిలేసి ఇటు వచ్చాను. "కన్నమేటమ్మా?"

"తుఫానొస్తాదంటే పడవ ఒడ్డుకి లాగీసి, ఇసక పోకండా కన్నాలన్నీ గుగ్గిలం పెట్టి మూసెత్తాం బాబూ. మూసినోడు సుక్కానికి తాడు కడతాడు. ఆడు మరిసిపోయినా, మరొకడు పడవ తీసినా, తాడు సూసి ఏది మూసినారో ఎతికి తీస్తాడు. మా ఊళ్ళో సంటి పిల్లకీ తెలుసు."

ఎస్తేరు తల ఎత్తింది. "దిష్టి తాడు కాదా అత్తా?"

"దిష్టేటే పిచ్చిదానా! నీకు కబురెట్టినాడు ఆడు."

పెట్రోలు ట్యాంకుకీ ఒక కన్నం ఉంటుంది. పరుగున వెనక్కి వెళ్ళి పెట్రోలు ట్యాంకు మూత తిప్పాను. బయటి గాలిని ట్యాంకు ఉస్సుమంటూ లోపలికి లాక్కుంది. చాలాసేపు లాక్కుంది. ట్యాంకులోంచి పెట్రోలు పోతున్న కొద్దీ ఆ చోటులోకి గాలి రావాలి. అందుకోసం వెంట్ పైపు అని ఒక సన్న గొట్టం ఉంటుంది. అది మూసుకుపోతే పంపు ఒకవైపు లాగుతుంటే ట్యాంకు మరోవైపు పట్టుకుంటుంది. అలా ఒత్తిడి తగ్గిన పెట్రోలు ఎండకి తేలిగ్గా ఆవిరైపోతుంది. నెమ్మదిగా నడిపితే సందుల్లోంచి వచ్చే కాస్త గాలి సరిపోతుంది. ఆపి ఉంచినా నెమ్మదిగా నిండుతుంది. నేను దాన్నే చల్లారడం అనుకున్నాను.

కారు కిందికి దూరాను. వెనక చక్రం పైన, మట్టి తగలకుండా ఉండే తొడుగు వెనకాల, గొట్టం కొస దొరికింది. దూది దారం చుట్టి గుగ్గిలం పూసిన బిరడా. నల్లగా గట్టిపడి, కంపెనీవాళ్ళే పెట్టారేమో అన్నంత శుభ్రంగా ఉంది. పాకలోకి సముద్రం వస్తే ట్యాంకులోకి ఉప్పునీళ్ళు పోకూడదని పెట్టి ఉంటాడు. పటకారుతో లాగితే వచ్చేసింది. దాన్ని పట్టుకుని ఆ మట్టిలో అలా పడుకునే ఉన్నాను. నేను చూడని మనిషి ఆ క్షణంలో నా పక్కనే పడుకుని పనిచేస్తున్నట్టు అనిపించింది. ఒక్కసారి ఆయనతో మాట్లాడి ఉంటే ఎంత బాగుండేదో.

పైకి వచ్చేసరికి ఎస్తేరు ఆ తాడు ముడి మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"ఇప్పీయే అమ్మీ" అంది పోలమ్మ. "కన్నం తీసినాక తాడు ఉంచకూడదు. ఎనక వచ్చినోడు నేని కన్నం ఎతుక్కుంటాడు."

"నావల్ల కాదత్తా. ఆయన కట్టిన ముడి. ఇది కూడా పోతే నాకేటుంటాది?"

ముసలామె కారు తలుపు పక్కన చతికిలబడి, కోడలి వేళ్ళు పట్టుకుని తాడు కొస మీద పెట్టింది. "ఇటు లాగు. ఒక్క లాగుకి వస్తాది. నువ్వు ఇప్పుతావనే అలాగ కట్టినాడే. ఇప్పకూడదంటే ఆడు ఏసే ముడి ఏరే."

ఎస్తేరు లాగింది. తాడు ఒక్క లాగుకే విడిపోయి ఒళ్ళో పడింది. అప్పుడు ఆవిడ ఏడ్చిన ఏడుపు రాయడం నాకు చేతకాదు. పోలమ్మా ఏడ్చింది. కొనడానికి వచ్చినాయన టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఎటో చూస్తూ నిలబడ్డాడు. నేనూ మొహం తుడుచుకుని, చెమట అని చెప్పుకున్నాను.

మిట్టమధ్యాహ్నం విడతకి కారు బయలుదేరింది. పోలమ్మ తడి తువ్వాలు నెత్తిన వేసుకుని కంచె దగ్గరికి నడిచింది. కొడుకు ఎక్కడ నిలబడేవాడో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. దూరంగా కొండ వైపు మలుపు తిరిగి కారు తిన్నని దారిలోకి రాగానే ఇంజను పై గొంతుకి వెళ్ళింది. తడబడలేదు. కోయంబత్తూరు వదిలాక అలాంటి శబ్దం నేను వినడం అదే మొదలు. వినవలసినవాడు లేడే అన్న బాధ ముందు నా సంతోషం నాకే చిన్నదిగా తోచింది. విడత ముగిసేదాకా కారు ఎక్కడా ఆగలేదు. కొనడానికి వచ్చినాయన టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి నా షెడ్డుకి ఏ బండి వచ్చినా బానెట్ ఎత్తేముందు, దీన్ని చివరగా ముట్టుకున్నది ఎవరు, ఎందుకు ముట్టుకున్నారు అని అడుగుతాను. ట్రాక్టరైనా సరే. స్కానర్ ఆ తరవాతే. బాగుచేసిన మనిషి పోయినా ఆయన చేసిన పని బండిలో ఉంటుందనీ, దాన్ని చదవాలంటే ఆయన ఊరి వాళ్ళని అడగాలనీ నేర్చుకున్నాను.

నిరుడు మళ్ళీ తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు ఎస్తేరు ఫోన్ చేసింది. వెనక గాలి హోరులో మాట సరిగ్గా వినిపించలేదు.

"వెంట్ పైపు మూసేసాను బాబాయ్. గుగ్గిలం అత్త కలిపింది."

"తాడో?"

"కట్టాను. ఆయన తాడే" అంది. "ఒక్క లాగుకి వచ్చేలాగే."