మాస్టారి గలిజేరు

పూర్ణచంద్రరావుకు పటమటలో ఒక్క స్నేహితుడూ లేడు. కావాలని ఆయనా అనుకోలేదు. కెమిస్ట్రీ లెక్చరరుగా ఉన్నన్నాళ్లూ పిల్లల్ని తిట్టాడు, రిటైరయ్యాక కాలనీని తిట్టడం మొదలుపెట్టాడు. కాలనీ మాత్రం ఊరుకుంటుందా? ఇంటి పక్క ఖాళీ స్థలంలో పిచ్చిమొక్కలు పెంచుతున్నాడని అందరికీ ఆయనంటే ఒళ్లు మంట.

ఆ పిచ్చిమొక్క గలిజేరు. ఎండకు మాడేకొద్దీ అది ఆకుల్లో యాంటీ ఆక్సిడెంట్లు పెంచుకుంటుందా అన్నది ఆయన పట్టుకున్న ప్రశ్న. అవే మొక్కల ఆకుల్ని వానాకాలంలో పరీక్షించాడు, చలికాలంలోనూ పరీక్షించాడు. ఇక మే ఎండల్లో ఒక్కసారి చూస్తే తేలిపోతుంది. ఎనభైకి దగ్గరపడి, గుండెకు స్టెంట్లు వేయించుకున్న మనిషి ఇంకో మే నెల మీద ఆశ పెట్టుకోలేడు.

ఏప్రిల్ చివర్లో కాలనీ ప్రెసిడెంటు బసవపున్నయ్య మీటింగు పెట్టాడు.

“దోమలు, పాములు! ఇహ మావల్ల కాదండీ. రేపే కలుపుమందు కొట్టించేస్తాం.”

“కొట్టించి చూడు!” అంటూ పూర్ణచంద్రరావు సంచిలోంచి సీసాలు తీశాడు. ఊదారంగు ద్రావణంలో గలిజేరు రసం వేశాడు. కాసేపటికి ఊదా పోయి లేత పసుపు తేలింది. “చూశారా? ఒంటిని పాడుచేసే ఫ్రీ రాడికల్స్‌కీ ఇదే గతి! ఇందులో ఫ్లేవనాయిడ్లున్నాయి, ఫినాల్సున్నాయి. మీరు మింగే బిళ్లల్లో ఏముంది, మీ మొహం!”

సీసాలో జరిగింది ఒంట్లోనూ జరుగుతుందని చెప్పలేమని ఆయనకు బాగా తెలుసు. గెలవాలన్న కసిలో ఆ ముక్క మింగేశాడు. జనం నోళ్లు వెళ్లబెట్టారు. మందు కొట్టడం ఆగిపోయింది. ఆ రాత్రి ఆయన హాయిగా పడుకుని, పొద్దెక్కాక లేచాడు.

కిటికీ తీస్తే స్థలం బోడిగా ఉంది. వేళ్లతో సహా పీక్కుపోయారు. గుమ్మంలో బసవపున్నయ్య భార్య వెంకటరత్నమ్మ స్టీలు గిన్నెతో నిలబడి ఉంది.

“కాలనీ అంతా ఇవాళ గలిజేరు పప్పేనండీ మాస్టారూ! మీకు పెట్టకుండా ఎట్లా తింటాం?”

ఆయనకు ఏడుపొచ్చింది. ఏడవడం చేతకాక అరిచాడు. “ఎవరు పీకమన్నారు? నా పరీక్ష ఇంకా మిగిలే ఉంది!”

“ఒంటికి మంచిదని మీరేగా చెప్పారు?”

ఆయన గిన్నెను వెనక్కి తోసేశాడు.

“ఈమాత్రానికి అరుస్తారేంటండీ? పిచ్చిమొక్కేగా! వానలు పడితే మళ్లీ మొలవదూ?”

“మొలుస్తుందమ్మా. దాన్ని మళ్లీ మే ఎండల్లో చూడ్డానికి నేనుండొద్దూ!” అని ఆమె మొహాన తలుపేసుకున్నాడు.