మూడు భాషల్లో ‘కరవకు’

నాందేడ్‌లో స్టీలు సామాన్ల దుకాణం నడుపుతున్నవాణ్ని. మర్ఖేల్ వైపు నుంచి పెళ్లి సామాన్లకు వచ్చేవాళ్లతో తెలుగు, ఊళ్లోవాళ్లతో మరాఠీ, ఎంతకీ తెగని బేరగాళ్లతో దక్కనీ హిందీ మాట్లాడతాను. గ్లాసు కోసం వచ్చినవాడికి గుండిగ అంటగట్టి పంపిన చరిత్ర నాది. నా నోటి గురించి నాకు చాలా గొప్ప అభిప్రాయం ఉండేది. అలాంటి నేను రెండు అరచేతుల్లో పట్టేంత కుక్కపిల్లకు ఒక్క మాట చెప్పలేకపోయాను. ఆ మాట కూడా పెద్దదేం కాదు. కరవకు, అంతే.

అది తెల్లటి పొమేరియన్ పిల్ల. మా ఒక్కగానొక్క కూతురు పెళ్లయి నిజామాబాద్ వెళ్లిపోయాక ఇల్లు బోసిపోయింది. సాయంత్రం దుకాణం కట్టేసి ఇంటికొస్తే గోడ గడియారం చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. ఆ సంగతి బయటికి చెప్పుకోవడం నామోషీ కదా. అందుకే కుక్కపిల్లను పట్టుకొచ్చిన రోజు, ఇంటికి కాపలా ఉంటుందని తెచ్చానన్నాను.

“దూదిపింజంత లేదు, ఇదేం కాపలుంటది? మనమే దీనికి కాపలుండాలె,” అంది నా భార్య.

ఆమె మాట నిజమే అయింది. మొరిగే కుక్క కరవదు అంటారు. మాది మొరుగుతూనే కరిచేది. కాలి వేళ్లు, పైజామా అంచు, చీర కొంగు, పొద్దున వచ్చిన పేపరు, దేన్నీ వదిలేది కాదు. దాని పళ్లు బియ్యపు గింజలంతే ఉండేవి గానీ సూదుల్లా దిగేవి. పశువుల డాక్టరు దానికి టీకా వేసి, నన్ను చూసి నవ్వి, ‘పళ్లు వస్తున్నాయి, చిగుళ్ల దురదకు అలాగే కొరుకుతుంది, ఇప్పుడే మాన్పించండి’ అన్నాడు. నా వేలు చూసి, నన్ను కూడా ఆసుపత్రికి వెళ్లి సూది వేయించుకోమన్నాడు. దుకాణంలో పసుపు పూసిన వేళ్లతో గిన్నెలు చూపిస్తుంటే, వచ్చినవాళ్లు గిన్నెలు వదిలేసి నా వేళ్లనే చూసేవాళ్లు.

ఇలా ఉండగా కూతురు ఫోన్ చేసి, నెల తప్పిందని చెప్పింది. మొదటి కాన్పు పుట్టింట్లోనే కదా, ఏడో నెలలో వస్తానంది. నా భార్య ఆనందంతో కళ్లు తుడుచుకుంది. తుడుచుకున్న కళ్లతో నేరుగా కుక్కపిల్ల వైపు చూసింది. అది అప్పుడు నా చెప్పు నములుతోంది.

“బిడ్డ పురుటికి అచ్చేలోపల ఇది కరుసుడు బందు కావాలె. రేపు ఇంట్ల పసిగుడ్డు ఉంటది. మానకుంటే భోకర్‌కు, మా తమ్ముని తానికి పంపిస్త,” అంది.

నా బామ్మర్దికి భోకర్‌లో సోయాబీన్ వ్యాపారం. అక్కడికి పోతే గోదాములో కట్టేస్తారు. పైకి మాత్రం, “నేను మాట్లాడితె రాయి గూడ ఇంటది. ఇదెంత?” అన్నాను.

“రాయి ఇంటదేమో. ఇది ఇనాలె గద,” అంది ఆమె.

ముందు మరాఠీతో మొదలుపెట్టాను. దానికి కారణం ఉంది. కుక్కపిల్ల పుట్టింది మరాఠీవాళ్ల ఇంట్లో. కాబట్టి దాని మాతృభాష మరాఠీ అని తేల్చాను. ఇలాంటివి తేల్చడంలో నన్ను మించినవాడు లేడు. పక్కింట్లో ఉండే, మేం కాకూ అని పిలిచే మరాఠీ పిన్నిగారు కూడా గోడ అవతల నుంచి ఎగదోసింది: “భాఊ, త్యాలా సాంగా, చావూ నకో, చావూ నకో!” మరాఠీలో ‘చావూ నకో’ అంటే కరవకు అని. ఇక చూసుకోండి, పొద్దున లేచింది మొదలు ఇల్లంతా తిరుగుతూ ‘చావూ నకో, చావూ నకో’ అని ఒకటే జపం.

దేవుడి దగ్గర దీపం పెడుతున్న నా భార్య అగ్గిపుల్ల చేత్తో పట్టుకునే బయటికి వచ్చింది.

“శుభమా అని పిల్ల పురుటికి అస్తుంటె, ఇంట్ల పొద్దుందాక ఈ చావు చావు అనుడేంది?”

“కరవొద్దని అంటున్ననే. మరాఠీల.”

“చెవుల వడ్డది చావే గద!”

ఆమెది ఇస్లాపూర్. మరాఠీ బడిలోనే చదువుకుంది, మరాఠీ నాకంటే శుద్ధంగా మాట్లాడుతుంది. కానీ శకునాలు మాత్రం తెలుగులోనే వింటుంది. ఆ రోజుతో మా ఇంట్లో ఆ మాట మీద నిషేధం పడింది.

తర్వాత హిందీ. ఫోన్‌లో ఎవరో కుక్కలకు శిక్షణ ఇచ్చే ఆయన వీడియో దొరికింది. కరిచినప్పుడు కుక్కపిల్లలాగే సన్నటి గొంతుతో కీచుమనాలట, అప్పుడు దానికి మనకు నొప్పి పుట్టిందని తెలుస్తుందట. నేను ప్రాణం పెట్టి కీచుమన్నాను. కుక్కపిల్ల చెవులు నిక్కించి, ఇంకోసారి అను అన్నట్టు చూసింది. కాకూ మాత్రం కర్ర పట్టుకుని గేటు దాకా పరుగెత్తుకొచ్చింది. “కాయ ఝాలం?” అంటే ఏం జరిగిందని చెప్పను? భజన సాధన చేస్తున్నానన్నాను. నా గొంతు తెలిసిన మనిషి కాబట్టి వెంటనే నమ్మింది.

ఆ వీడియోలోదే ఇంకొకటి, పట్టుకున్నదాన్ని వదిలేయమని గట్టిగా చెప్పడం. అది నా పైజామా పట్టుకోగానే “ఉస్కో ఛోడ్!” అని అరిచేవాణ్ని. దాన్ని వదులు అని అర్థం. అది వదిలేది కాదు, నేను గుండ్రంగా తిరిగేవాణ్ని. తిరిగీ తిరిగీ ఆయాసానికి రెండో మాట నోట్లోంచి వచ్చేది కాదు. మొదటి మాటే మిగిలేది: ఉస్కో! ఉస్కో! ఉస్కో!

ఆ సమయంలో నా భార్య కూతురితో వీడియో కాల్‌లో ఉంది. ఫోన్ నా వైపు తిప్పింది. అటు నిజామాబాద్‌లో మా అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

“బాపూ, కుక్కను ఎవరి మీదికి ఉసికొల్పుతున్నవ్? నీ మీదికేనా?”

అప్పటికి గానీ నాకు వెలగలేదు. చిన్నప్పుడు గల్లీలో కుక్కను ఎవరి మీదికైనా ఎగదోయాలంటే మేం అనేది ఆ మాటే కదా! హిందీలో వదలమని, తెలుగులో పట్టమని ఒకే గుక్కలో చెబుతున్నాను. కుక్కకు ఏ భాషా రాదనుకోండి. నేను గంతులు వేస్తూ అరుస్తుంటే అదంతా ఆట అనుకుంది. అయినా మరాఠీ నోట్లో పెట్టుకుంటే చావు, హిందీ నోట్లో పెట్టుకుంటే ఉస్కో. మూడు భాషలు వచ్చని విర్రవీగినవాడికి తగిన శాస్తే.

మధ్యలో వేపనూనె ప్రయోగం కూడా జరిగింది. వేళ్లకు పూసుకుంటే కుక్కపిల్ల ఒకసారి నాకి, మూతి వంకర తిప్పుకుని పోయింది. విజయం సాధించానన్న సంబరంలో అలాగే పీట మీద కూర్చుని జొన్నరొట్టె తుంచి, వంకాయకూర అద్దుకుని నోట్లో పెట్టుకున్నాను. ఆ పూట నేను ఏం తిన్నా వేపచెట్టే తిన్నట్టుంది. నేను నోరు పుక్కిలించుకుంటుండగా అది నూనె పూయని కాలి మడమ వెతుక్కుంది.

చివరికి తెలుగులోకే వచ్చాను. బంగారం, తల్లీ, కరవకే అని బతిమాలాను. దానికి ఆ గొంతు చాలా నచ్చింది. తోక ఊపుతూ వచ్చి కరిచింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నా భార్య ఒడిలో అది పడుకుని ఉంది. ఉన్నట్టుండి ఆమె చెయ్యి కొరికింది. ఆమె ఏమీ అనలేదు. అరవలేదు, కొట్టలేదు, దాని మొహం కూడా చూడలేదు. దాన్ని కింద పెట్టి, లేచి, వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంది. కుక్కపిల్ల తలుపు ముందు కూర్చుని బిత్తరపోయి చూసింది. కాసేపటికి ఆమె వచ్చి, ఫ్రిజ్‌లో పెట్టిన తడిబట్ట ముడి ఒకటి దాని ముందు పడేసింది. అది దాన్ని నములుతూ ఉండిపోయింది. మళ్లీ చెయ్యి కొరికితే మళ్లీ లేచిపోయింది.

నాకు ఆ తలుపు బాగా తెలుసు. పెళ్లయినప్పటి నుంచి ఆమె అదే విద్య నా మీద వాడుతోంది. నేను మాట తూలితే పోట్లాడదు, లేచి వంటింట్లోకి పోతుంది. నేను బయట కూర్చుని ఏం తప్పు చేశానా అని తల గోక్కుంటాను. నిజం చెప్పాలంటే ఇన్నేళ్లలో చాలా మారాను కూడా. కాబట్టి కుక్క విషయంలో నాకు అనుమానం లేదు. అవస్థ అంతా నాతోనే. కరిచినప్పుడు నోరు మూసుకుని లేచిపోవాలి. నోరు మూసుకోవడం నాకు అలవాటు లేని పని. లేచి వెళ్తూ కూడా గుమ్మం దాటేలోపు దానికి రెండు నీతులు చెప్పబోయేవాణ్ని. “నోరు!” అనేది నా భార్య వెనక నుంచి. అలా ఆమె ఇద్దరికీ ఒకేసారి నేర్పింది.

మెల్లమెల్లగా మార్పు వచ్చింది. ఆటలో నా వేలు నోట్లోకి తీసుకునేది, పళ్లు ఆనించేది, ఏదో గుర్తొచ్చినట్టు ఆగేది. ఆగి నా మొహంలోకి చూసి వేలు వదిలేసేది. ఆ చూపుకు నేను కరిగిపోయేవాణ్ని. కాపలా కోసం తెచ్చానన్న అబద్ధం ఇక నాకే గుర్తుండేది కాదు. అదంటే నాకు ప్రాణం. దాన్ని దుకాణానికి తీసుకెళ్లి గల్లా పెట్టె పక్కన కూర్చోబెట్టి, గిన్నెలు కొనేవాళ్ల ముందు దాని నోట్లో వేలు పెట్టి చూపించేవాణ్ని. ‘నేనే నేర్పించాను’ అనేవాణ్ని. నా భార్య అక్కడ ఉండదు కదా.

కూతురు ఏడో నెలలో వచ్చింది. ఆటో దిగి లోపలికి రాగానే కుక్కపిల్ల ఆమె వాచిన పాదాల దగ్గరికి వెళ్లింది. వాసన చూసింది, పక్కనే చతికిలబడింది. నా భార్య నా వైపు చూసి, “సరే, ఉండనియ్యి,” అంది. భోకర్ మాట ఇంక లేదు. నాకు దండ ఒక్కటి వేయలేదు గానీ, ఆ సాయంత్రం ఎన్నికల్లో గెలిచినవాడిలా వీధిలో తిరిగాను.

వారం తిరగకుండానే అమ్మాయికి తుమ్ములు మొదలయ్యాయి. జలుబనుకున్నాం. తర్వాత ఆయాసం వచ్చింది, ఛాతీలో పిల్లికూతలు వినపడ్డాయి. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఆమె పరీక్ష చేసి, “ఘరాత్ కుత్రా ఆహే కా?” అని అడిగింది. ఇంట్లో కుక్క ఉందా అని.

నేను ఛాతీ విరుచుకున్నాను. “ఆహే మేడం. పణ్ చావత్ నాహీ,” అన్నాను. ఉంది గానీ కరవదని.

ఆమె నన్ను వింతగా చూసింది. దాని వెంట్రుకలు రాలతాయా అని అడిగింది. రాలకపోవడమేమిటి, మా ఇంట్లో దుప్పటి కన్నా కుక్క వెంట్రుకలే ఎక్కువ. ఈ పరిస్థితిలో ఆయాసం మంచిది కాదని, కుక్కను ఇంట్లో ఉంచొద్దని చెప్పి మందులు రాసింది. కరవడం గురించి ఒక్క ముక్క అడగలేదు.

నా భార్య అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. రోజూ దాన్ని డాబా మీదికి తీసుకెళ్లి దువ్వింది, పరదాలు ఉతికింది, గచ్చు రెండు పూటలా తుడిచింది. ఆయాసం తగ్గలేదు. “నేనే నిజామాబాద్ పోత బాపూ, దాన్ని ఉండనియ్యి,” అంది కూతురు ఏడుస్తూ. ఆ నాలుగు మాటలు అనడానికి రెండుసార్లు ఊపిరి పీల్చుకుంది. “తమ్మునికి మీరే ఫోన్ చెయ్యండ్రి. నాతోని గాదు,” అంది నా భార్య.

బామ్మర్ది జీపు వేసుకుని వచ్చాడు. గేటు దగ్గరే నిలబడి అడిగాడు.

“కరుస్తదా బావా? ముందే చెప్పు. మా పోరగాండ్లకు కుక్కంటేనే భయం. కరిచేదైతే నేను తీస్కపోను.”

నా వ్యాపారంలో నేను ఆడని అబద్ధం లేదు. పల్చటి స్టీలును మందం అన్నాను, పాత సరుకును నిన్ననే వచ్చిందన్నాను. ఇప్పుడు ఒక్కటి ఆడితే చాలు. కరుస్తది అంటే చాలు, వచ్చిన జీపు వచ్చినట్టే పోతుంది. మాట గొంతు దాకా వచ్చింది. లోపలి గదిలోంచి అమ్మాయి దగ్గు వినపడింది.

“కరవది,” అన్నాను.

వాడూ వ్యాపారే. నోటిమాట నమ్మే రకం కాదు. కుక్కపిల్లను జీపు బానెట్ మీద కూర్చోబెట్టి, దాని మూతి ముందు చెయ్యి ఆడించాడు. చెవి లాగాడు. ఆఖరికి నోట్లో వేలు పెట్టి అటూ ఇటూ తిప్పాడు. నేను నా భార్య వైపు చూశాను. ఆమె కన్నార్పకుండా ఆ వేలినే చూస్తోంది.

కుక్కపిల్ల పళ్లు ఆనించింది. ఆగింది. వాడి వైపు కాదు, నా వైపు తిరిగి నా మొహంలోకి చూసింది. వేలు వదిలేసింది.

“శభాష్ బావా, మంచిగ నేర్పినవ్!” అన్నాడు వాడు. పెళ్లయినప్పటి నుంచి వాడు నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. పసిపాప కొంచెం పెద్దయ్యాక తెచ్చిస్తానని కూడా అన్నాడు. అప్పటికి వాడి పిల్లలు దాన్ని వదలరని వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

జీపు మలుపు తిరిగేదాకా ఇద్దరం గేటు దగ్గరే నిలబడ్డాం. నా భార్య ముక్కు చీదుకుంది.

“ఒక్కసారి కరిస్తే ఏం పోతుండె దానికి,” అంది.